టేకు తోపులో డిస్క్ గోల్ఫ్: విసరడం కన్నా వెతకడమే పెద్ద పని

ముదిరిన టేకాకు ఒక్కటి చాలు, 21 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పళ్ళెంలాంటి డిస్క్‌ని పూర్తిగా కప్పెయ్యడానికి. ఎండాకులు దొంతరగా పరుచుకున్న చోట డిస్క్ అంచు కిందికి వాలి దిగిందంటే ఆకుల మీద ఆగదు. అడుగున దూరి రెండు మూడు మీటర్లు జారిపోతుంది. పడ్డచోటు కళ్ళారా చూసినవాడు కూడా తెల్లబోయి నిలబడతాడు. గోదావరి డెల్టాలో, కాలేజీ వెనక పట్టించుకునే నాథుడు లేని తోపులో ఆడేవాళ్ళకి స్కోరు తర్వాతి సంగతి. ముందు డిస్క్ ఇంటికి తిరిగి రావాలి. ఏ డిస్క్ తేవాలి, ఎంత ఎత్తున వెయ్యాలి, ఏ నెలలో ఆడాలి, ఏ పొద ముందు కొట్టాలి అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గోల్ఫ్ లాంటిదే, బంతి బదులు డిస్క్, గుంట బదులు గొలుసులు వేలాడే ఇనప బాస్కెట్. టీ, అంటే మొదటి విసురు వేసే చోటు, నుంచి దాని బాస్కెట్ దాకా ఒక హోల్. టీ దగ్గర మొదలుపెట్టి ఎన్ని విసుర్లలో బాస్కెట్‌లో వేశామన్నదే లెక్క. అమెరికాలో ఎడ్ హెడ్రిక్ దీనికి ఒక రూపం ఇచ్చాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వచ్చింది, 1976లో ఈ ఆట నియమాలు చూసే సంఘం పీడీజీఏ పుట్టింది. గొలుసుల బాస్కెట్ రాకముందు చెట్లు, స్తంభాలే గురి. ఈ సంగతి తర్వాత మనకి అక్కరకొస్తుంది. కాలేజీల్లో అల్టిమేట్ (ఫ్రిస్బీతో ఆడే జట్టు ఆట) ఆడే కుర్రాళ్ళు వాడే 175 గ్రాముల వెడల్పాటి డిస్క్ దీనికి పనికిరాదు. గోల్ఫ్ డిస్క్ చిన్నది, అంచు పదును, మనిషికి తగిలితే గాయం చేస్తుంది.

మనం మాట్లాడుకునే కోర్సు ఎలా ఉంటుందో ఊహించుకోండి. హాస్టల్ వెనక ఎనిమిది పదెకరాల తోపు. ఒక పక్క టేకు, ఒక పక్క జామాయిల్, మురుగు కాలువ గట్టున తాటిచెట్లు, మధ్యమధ్యలో తనంతట లేచిన సుబాబుల్, సర్కారు తుమ్మ. ఎప్పుడో ఒక బ్యాచ్ ఉత్సాహపడి 9 బాస్కెట్లు పాతింది. వాళ్ళు పాసై వెళ్ళిపోయారు, బోర్డులు పొయ్యిలోకి పోయాయి, రెండు బాస్కెట్ల గొలుసులు పాత ఇనప సామాను కొట్టుకి చేరాయి. హోల్స్ 45 నుంచి 75 మీటర్ల మధ్యే ఉంటాయి. బయట మైదానంలో ఇది పిల్లల ఆట. చెట్ల మధ్య మూడు విసుర్లలో ముగించడం గగనం.

మొదటిసారి వెళ్ళినప్పుడు డిస్క్ తియ్యకుండా కోర్సంతా ఒకసారి నడవండి. బాస్కెట్ కనిపిస్తే టీ ఎక్కడో తెలుసుకోవడం కష్టం కాదు. సుమారు 1.2 మీటర్లు వెడల్పు, 3 మీటర్లు పొడవు ఉన్న సిమెంటు పలక ఏదో ఒక దిక్కున మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. పారతో ఒక పొర గీకితే అంచు బయటపడుతుంది. పలక పొడుగు ఏ దిక్కుకి చూపిస్తోందో ఆట ఆ దిక్కుకే. తర్వాతి టీ మామూలుగా ముందు హోల్ బాస్కెట్‌కి దగ్గర్లోనే ఉంటుంది. యూడిస్క్ యాప్‌లో మ్యాప్ ఎవరైనా ఎక్కించారేమో కూడా చూడండి. ఆ పలక మీద వానాకాలంలో పట్టిన నాచు మాత్రం ప్రాణాంతకం. బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు పోసి గట్టి చీపురుతో రుద్దకుండా దాని మీద పరుగెత్తుకొచ్చి విసిరితే నడుం విరుగుతుంది. ఈ కోర్సులో పరుగు అవసరమూ లేదు. నిలబడి వేస్తే దూరం కొంత తగ్గుతుంది, గురి కుదురుతుంది.

ఇక డిస్కులు. చాలా డిస్కుల మీద నాలుగు అంకెలుంటాయి: వేగం, గ్లైడ్ (గాల్లో తేలే గుణం), టర్న్, ఫేడ్. దగ్గరి విసుర్లకి వాడే ఏవియార్ లాంటి పట్టర్‌కి 2, 3, 0, 1. మధ్యరకం దూరానికి వాడే బజ్ లాంటి మిడ్‌రేంజ్‌కి 5, 4, -1, 1. డిస్ట్రాయర్ లాంటి దూరపు డ్రైవర్‌కి 12, 5, -1, 3. కుడిచేతివాడు బ్యాక్‌హ్యాండ్ (చెయ్యి ఒంటికి అడ్డంగా తెచ్చి) వేస్తే డిస్క్ వేగంగా ఉన్నప్పుడు టర్న్ అంకెకి తగ్గట్టు కుడికి మొగ్గుతుంది, వేగం తగ్గాక ఫేడ్ అంకెకి తగ్గట్టు ఎడమకి వాలుతుంది. ఫోర్‌హ్యాండ్‌లో, అంటే అరచెయ్యి ముందుండేలా విసిరితే, ఇదంతా తిరగేసి. డ్రైవర్‌ని దాని వేగానికి తగ్గట్టు విసరలేకపోతే టర్న్ రాదు, ఫేడ్ ఒక్కటే మిగులుతుంది. అంటే నేరుగా ఎడమ పక్క తుమ్మపొదలోకి. అందుకే చెప్పేది, డ్రైవర్లు ఇంట్లో పెట్టి రండి. రెండు పట్టర్లు, ఒక మిడ్‌రేంజ్ చాలు. 50 మీటర్లు తిన్నగా వెళ్ళి మెల్లగా దిగే పట్టర్ ముందు 90 మీటర్ల డ్రైవర్ ఈ తోపులో ఎందుకూ కొరగాదు.

రంగు విషయంలో షాపులో నచ్చిందని కొనకూడదు. ఆకుపచ్చది వానాకాలం గడ్డిలో కలిసిపోతుంది, నారింజా గోధుమా టేకాకుల్లో కలిసిపోతాయి, నీలం నీడలో నల్లగా మారిపోతుంది. పసుపు పరవాలేదనిపిస్తుంది గానీ జామాయిల్ పండుటాకుల మధ్య మోసం చేస్తుంది. మిగిలింది రాణీ రంగు. తోపులో ఏ ఆకూ ఏ పువ్వూ ఆ రంగులో లేదు. డిస్క్ అడుగున చెరగని మార్కర్‌తో ఫోన్ నంబరు, 'దొరికితే గేటు దగ్గర ఇవ్వండి' అని తెలుగులోనే రాయండి. ఆట తెలియనివాళ్ళకి అది ఏ గిన్నె మూతలాగో కనిపిస్తుంది. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు.

టేకు వరసల మధ్య ఎలా ఆడాలో కాస్త లెక్కేసి చూద్దాం. టేకు మామూలుగా 2 మీటర్ల ఎడంతో చదరంగా నాటుతారు. మొదలు 25 సెంటీమీటర్ల లావు అనుకుంటే రెండు వరసల మధ్య ఖాళీ 1.75 మీటర్లు. డిస్క్ వెడల్పు తీసేస్తే నడిమి గీత నుంచి అటూ ఇటూ 77 సెంటీమీటర్లు మిగులుతుంది. 15 మీటర్ల దాకా ఆ సందులోనే వెళ్ళాలంటే మీ గురి 3 డిగ్రీలకి మించి తప్పకూడదు. 30 మీటర్లకైతే ఒకటిన్నర డిగ్రీ. అదే ఐమూలగా విసిరితే వరసల ఎడం 1.4 మీటర్లకి పడిపోతుంది, 30 మీటర్లకి మిగిలేది ఒక్క డిగ్రీ కూడా కాదు. కాబట్టి బాస్కెట్ ఐమూలగా కనిపించినా దాని మీదకి వెయ్యకండి. ఎదురుగా ఉన్న వరసలో 30 మీటర్లు వేసి, అక్కణ్ణుంచి పక్క వరస పట్టుకుని రెండో విసురు వెయ్యండి. మధ్యలో చెట్టు చచ్చిపోయిన చోట నాలుగు మీటర్ల ఖాళీ దొరుకుతుంది. నడిచి చూసేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సినవి అవే. టీ దగ్గర నిలబడితే అవి కనిపించవు.

చూపు చెట్టు మీద పెడితే డిస్క్ చెట్టుకే తగులుతుంది. దీనికి వేదాంతం అక్కర్లేదు, చెయ్యి కంటి వెంట పోతుంది, అంతే. రెండు మొదళ్ళ మధ్య వెనకాల కనిపించే ఒక ఆకో, వెలుతురు మచ్చో ఎంచుకుని దాని మీదకి వెయ్యాలి. ఎత్తు ఛాతీ మట్టానికి మించకూడదు, పైన కొమ్మలు 3 మీటర్ల దగ్గరే మొదలవుతాయి. టేకాకుల నేల మీద దింపేటప్పుడు పట్టర్ ముందు అంచు రవ్వంత పైకి ఉండేలా వదలండి. ఊపు అయిపోయాక తేలి బల్లపరుపుగా కింద పడుతుంది, ఆకుల కిందికి దూరదు. ఎండాకాలం బీటలిచ్చిన రేగడి మీద దీనికి వ్యతిరేకం: నేల గట్టిగా ఉంటుంది, బల్లపరుపుగా పడ్డది ఎగిరి పక్కకి పోతుంది, బాగా ఏటవాలుగా దిగితేనే ఆగుతుంది.

డిస్క్ వెతకడానికి ఒక పద్ధతుంది. విసిరేవాడు కాక ఇంకొకడు 40 మీటర్లు ముందుకెళ్ళి, ఓ పక్కన లావాటి మొదలు చాటున నిలబడాలి. ఒకసారి ఒక్కడే వెయ్యాలి. డిస్క్ ఆగేదాకా ఎవరూ సంచీలో చెయ్యి పెట్టకూడదు, ఫోన్ తియ్యకూడదు. చప్పుడు వినండి. 'టక్' మని పొడిగా వినిపిస్తే చెట్టు నడిమికి తగిలిందని, అలాంటిది ఆ మొదలుకి నాలుగైదు మీటర్ల లోపే, చాలాసార్లు ఇవతలికే పడుతుంది. 'చర్' మని రాసుకుపోయిన చప్పుడైతే ముందుకే పోయింది, పక్కకి తిరిగి. అందరూ చేసే పొరపాటు అనుకున్న చోటుకన్నా ముందుకెళ్ళి వెతకడం. అయిదు మీటర్లు ఇవతల మొదలుపెట్టి, మీటరు ఎడంతో గీతలు గీసినట్టు కర్రతో ఆకులు కదుపుతూ నడవండి. కాలితో తన్నుకుంటూ పోతే డిస్క్ ఇంకా లోపలికి పోతుంది. కనిపించకపోతే అదే చోటినుంచి అలాంటిదే ఇంకోటి వేసి ఎక్కడ పడుతుందో చూసే చిట్కా ఒకటుంది. రెండూ పోగొట్టుకునే చిట్కా కూడా అదే.

అధికారిక నియమం ప్రకారం వెతకడానికి 3 నిమిషాలు. దొరక్కపోతే ఒక విసురు జరిమానా, ముందు వేసిన చోటినుంచే మళ్ళీ. పాడుపడ్డ తోపులో దీన్ని అక్షరాలా పాటిస్తే ఆట తెల్లారదు. స్నేహితుల ఆటలో పొదలోకి పోయిన డిస్క్‌కి జరిమానా ఒకటి వేసుకుని, అది లోపలికి దూరిన అంచు దగ్గరనుంచి ఆడటం మేలు. మిగతా నియమాలు మాత్రం సడలించొద్దు. డిస్క్ ఆగిన చోట గుర్తు పెట్టి, దాని వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు చోటులో ఒక కాలు ఉంచి విసరాలి. బాస్కెట్‌కి 10 మీటర్ల లోపైతే విసిరాక తూలి ముందుకి పడకూడదు. నిలబడటానికి వీలుగా కొమ్మ విరిచినా, వంచి కట్టినా జరిమానా. కందిరీగల పట్టో, పామో, నిలిచిన వాన నీరో ఉంటే జరిమానా లేకుండా బాస్కెట్‌నీ డిస్క్‌నీ కలిపే గీతలోనే వెనక్కి జరగొచ్చు. తుమ్మముళ్ళకి ఆ వెసులుబాటు లేదు. ఒక విసురు వదులుకుని అదే గీతలో ఎంత వెనక్కైనా పోవచ్చు. ముళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని విసరడం కన్నా అదే చవక.

చెట్టు మీద ఇరుక్కున్న డిస్క్‌కి మామిడికాయలు కోసే దోటి ఉత్తమం. రాళ్ళు రువ్వితే డిస్క్ రాదు, రాయి ఎవరి నెత్తినో పడుతుంది. ఇంకో డిస్క్ విసిరితే రెండు ఇరుక్కుంటాయి. పాత మామిడి చెట్టయితే ముందు తలెత్తి చూడండి, ఆకులు కుట్టి కట్టిన ఎర్రచీమల గూళ్ళు ఉంటాయి. దోటి కదిపిన క్షణం అవి వర్షం కురిసినట్టు మీద పడతాయి.

బాగుచేసే పని విషయానికొస్తే, అందరూ టీ దగ్గర మొదలుపెడతారు. అది దండగ. టీ దగ్గర ఎవరూ డిస్క్ పోగొట్టుకోరు. ముందు శుభ్రం చెయ్యాల్సింది డిస్క్ ఆగే చోటు, అంటే టీ నుంచి 30, 50 మీటర్ల మధ్య. తర్వాత బాస్కెట్ చుట్టూ 10 మీటర్లు. ఆ తర్వాతే టీ. పక్కల పొదలు ఉన్నా ఫరవాలేదు, అవి లేకపోతే కోర్సుకి రుచే ఉండదు. గడ్డికి బ్రష్ కట్టర్‌లో నైలాన్ తీగ, తుమ్మ మొక్కలకి ఇనప బ్లేడు. మనుషుల్ని 15 మీటర్ల దూరంలో ఉంచాలి, రాళ్ళు బుల్లెట్లలా లేస్తాయి. సర్కారు తుమ్మని నేల మట్టానికి నరికితే నెలలో నాలుగు కొమ్మలై లేస్తుంది. పలుగుతో తవ్వి మొదలు దుంప తీస్తేనే చస్తుంది. వయ్యారిభామని పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకాలి. దూలగొండి తీగకి కాయలు ఎండి ఉంటే ఆ పక్కకే పోవద్దు, నూగు గాలికి లేచి మెడ మీద పడితే ఆ రోజు ఆట సరి. ఊడ్చిన టేకాకులు తగలబెట్టకండి, అక్కడే కుప్ప వెయ్యకండి. కుప్పలో పాములు చేరతాయి, గోతిలో వేసి మట్టి కప్పండి. పెద్ద చెట్ల జోలికి మాత్రం వెళ్ళొద్దు. 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. చిన్న కొమ్మకైనా ప్రిన్సిపాల్ గారికి ఒక కాగితం రాసిస్తే తర్వాత గొడవ ఉండదు. ఎవరివైనా గేదెలు తోపులో మేస్తుంటే అడ్డుపెట్టకండి. నెల రోజుల బ్రష్ కట్టర్ పెట్రోలు మిగులుతుంది.

మన రేగడి నేలలో పాతిన బాస్కెట్ ఒరిగిపోవడం మామూలే. వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోయే మట్టి అది. ఏటా రెండుసార్లు గొట్టాన్ని కదుపుతుంది. సంక్రాంతి తర్వాత నేలలో తడి ఇంకా ఉన్నప్పుడు తవ్వడం సుఖం. 30 సెంటీమీటర్ల వెడల్పు, 60 లోతు గుంట తీసి, అడుగున 10 సెంటీమీటర్ల కంకర పోసి, దాని మీద గొట్టం దూరే తొడుగు పైపు నిలబెట్టి, సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్ళలో కలిపిన కాంక్రీటు పొయ్యాలి. తొడుగు అడుగు మూసెయ్యకూడదు, నీరు దిగి కంకరలోకి పోవాలి, లేకపోతే రెండేళ్ళకి గొట్టం లోపలినుంచి తుప్పు పడుతుంది. ఒక గుంటకి 11, 12 కిలోల సిమెంటు పడుతుంది కాబట్టి 50 కిలోల బస్తా నాలుగు బాస్కెట్లకి వస్తుంది. మేస్త్రీ రసమట్టం పెట్టి నిలువు చూసుకోండి, పై భాగం బయటికి వాలుగా నున్నగా చెయ్యండి, వారం రోజులు తడపండి. బుట్ట అంచు నేలనుంచి 82 సెంటీమీటర్లు ఉండాలి, నాలుగైదు అటూ ఇటూ ఫరవాలేదు.

గొలుసుల్లో ఒకటి ఊడినా ఆ సందులోంచి పట్ట్ (దగ్గర్నుంచి బాస్కెట్‌లోకి వేసే విసురు) దూసుకుపోతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎస్ హుక్కు, అదే మందం జీఐ గొలుసు ముక్క చాలు. గొట్టానికి తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ పూయొచ్చు గానీ గొలుసులకి రంగు వెయ్యకండి, పెచ్చులూడి డిస్కులకి అంటుకుంటుంది. గొలుసులే పోయిన బాస్కెట్ కొత్తది కొనేదాకా ఆగక్కర్లేదు. దగ్గర్లోని చెట్టు మొదలుకి మోకాలి ఎత్తున ఒక రిబ్బను, తల ఎత్తున ఒక రిబ్బను కట్టి, ఆ మధ్య తగిలితే హోల్ అయినట్టు ఆడండి. మేకులు కొట్టొద్దు. బుట్టలో చెయ్యి పెట్టే ముందు పై పట్టీ లోపల కందిరీగలు ఉన్నాయేమో కర్రతో తట్టి చూడటం అలవాటు చేసుకోవాలి.

ఆరోగ్యం సంగతి కుదించి చెప్పినా వదలకూడదు. పొడుగు ప్యాంటు, మందపాటి అడుగున్న బూట్లు తప్పనిసరి. చెప్పుల్లోంచి తుమ్మముల్లు సూటిగా దిగుతుంది. కోతలప్పుడు, కోతల తర్వాత ఎలుకలతో పాటు పాములూ గట్లెక్కుతాయి. రక్తపింజర ఎండాకుల రంగులోనే ఉంటుంది, కట్లపాము రాత్రి తిరుగుతుంది, కాబట్టి పొద్దు వాలకముందే సంచి సర్దెయ్యాలి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం లాంటివి చెయ్యకుండా కాలు కదపనీకుండా 108లో సర్కారు ఆస్పత్రికి. పొదల్లో ఆడిన వారం రెండు వారాలకి జ్వరం వచ్చి ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు కనిపిస్తే, పొదల్లో తిరిగామని డాక్టరుకి చెప్పండి. స్క్రబ్ టైఫస్ అయితే మామూలు జ్వరం మాత్రలకి తగ్గదు, తొందరగా గుర్తిస్తే మందుంది.

ఆడటానికి మంచి రోజులు సంక్రాంతి నుంచి మార్చి మధ్య దాకా. గడ్డి ఎండి ఉంటుంది, టేకు ఆకు రాల్చి వెలుతురు ఇస్తుంది. పొద్దున్నే మంచుకి డిస్క్ తడిసి చేతిలోంచి జారుతుంది, తొమ్మిది దాటాక మొదలుపెట్టండి. మే నెలలో బండి డిక్కీలో డిస్కులు వదిలెయ్యొద్దు, వంకర తిరుగుతాయి. తిరిగితే వేడినీళ్ళలో ముంచి, గచ్చు మీద బోర్లించి, పైన బరువు పెట్టి, చల్లనీళ్ళు పొయ్యాలి. చాలావరకు దారికొస్తాయి. వానాకాలం ఆడితే జిగట మట్టి అంచు లోపల పేరుకుని డిస్క్ బరువెక్కి ఒక పక్కకి లాగుతుంది. ప్రతి విసురుకీ ముందు తువ్వాలుతో లోపలి అంచు తుడవాలి, చెమట చేతులకి సుద్దపొడి నింపిన గుడ్డమూట ఒకటి సంచికి కట్టుకోవాలి.

కాలువలో పడ్డవాటి మీద ఆశ వదులుకోకండి. డిస్కులు చాలావరకు మునుగుతాయి, ఒండ్రులో కూరుకుపోయినా చెడవు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేలోగా, మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని పొడుగు కర్రతో అడుగు గుచ్చుకుంటూ వెళ్ళండి. సీసా పెంకులు ఉంటాయి, చేత్తో తడమొద్దు. దొరికినదాన్ని కడిగాక బల్ల మీద పెట్టి అంచు అన్ని వైపులా ఆనుతోందో లేదో చూడండి. ఆనకపోతే అది పట్టింగ్ సాధనకి, ఆనితే మళ్ళీ సంచిలోకి.